కెవేదో పంక్తిలో పోల్బో: దుమ్మా, ఆక్టోపసా?

పాలపిట్ట: స్పానిష్ కవి కెవేదో సానెట్ (పద్నాలుగు పంక్తుల పద్యం) చివరి పంక్తి, "పోల్బో సెరాన్, మాస్ పోల్బో ఎనమొరాదో": 'దుమ్మవుతాయి, మాస్ ప్రేమలో పడ్డ దుమ్ము'. ఈ "మాస్" 'కానీ'నా, 'మరింత'నా? పోర్చుగీసు వచ్చినవాళ్లకు "ప్రేమలో పడ్డ ఆక్టోపస్" అని వినిపిస్తుందట, నిజమేనా?

నిఘంటువు: 'కానీ'యే. ఒత్తు గుర్తు ఉంటే 'మరింత', లేకపోతే 'కానీ'. నేటి స్పానిష్ మాటల్లో దీనికి 'పెరో' అంటారు, మాస్ గ్రాంథికం. పోర్చుగీసులో మాస్ రోజువారీ మాట, 'మరింత'కు మాయిస్. బ్రెజిల్‌లో చాలాచోట్ల రెండింటినీ మాయిస్ అనే పలుకుతారు. అందుకే రాతలో ఒకదాని బదులు ఒకటి పడుతుంది. దుమ్ముకు పోర్చుగీసు మాట 'పో'.

అనాస: ఆక్టోపస్ సంగతి నిజమేనండీ. స్పానిష్‌లో దానికి పుల్పో అంటారు. పోర్చుగీసులో polvo అంటే ఆక్టోపసే: లిస్బన్‌లో పోల్వు, రియోలో ల్ కరిగి పోవ్వు. 'ఎనమొరాదో' దగ్గరా జాగ్రత్త. పోర్చుగీసు నమొరాదు ప్రియుడు, దానికి స్పానిష్‌లో నోవియో. ఆ నోవియోను చూసి నోయివు అని రాశారో, నిశ్చితార్థం చేసేసినట్టే.

యతిభంగం: లెక్క చూడండి: పోల్-బో-సె-రాన్-మాస్-పోల్-బోఎ-న-మొ-రా-దో, పదకొండు. "బోఎ" దగ్గర మన ఉత్వసంధిలోలా అచ్చు లోపించదు, రెండూ ఒకే అక్షరంలోకి జారతాయి. అసలు తగాదా రెండు పంక్తుల పైన ఉంది: "సు కుఎర్పో దెహరా", 'తన దేహాన్ని విడుస్తుంది'. కొన్ని ప్రచురణల్లో "దెహరాన్". ఏకవచనమైతే దేహాన్ని విడిచేది ఆత్మ ఒక్కటే. బహువచనమైతే ఆత్మ, నాళాలు, మజ్జ మూడూ.

నిఘంటువు: నాళాలు దేహాన్ని విడిచి ఎక్కడికి పోతాయి? ఇది మన క్రమాలంకారమే. ముందు మూడు పంక్తుల్లో ఆత్మ, నాళాలు, మజ్జ. తర్వాతి మూడింటిలో అదే వరసలో విడవడం, బూడిద కావడం, దుమ్ము కావడం. దెహరా అనే చదవాలి.

యతిభంగం: వరస ఒప్పుకుంటాను. కానీ కింద వరసగా రెండు "సెరాన్"లు ఉన్నాయి. దెహరాన్ అంటే మూడు పంక్తులూ ఒకే నడకలో సాగుతాయి. కెవేదో 1645లో పోయారు, ఈ సానెట్ 1648 సంపుటిలో అచ్చయింది. అచ్చు సరిచూడటానికి ఆయన లేరు.

అనాస: స్పెయిన్ వీధి మాటలో పోల్బోకి పడకగది అర్థమూ ఉంది, తరగతిలో చెప్పేవాళ్లు గమనించాలి. ఊరు మారితే మాట మారే తీరుకు ప్రొపీనా చూడండి. స్పెయిన్‌లో హోటల్ టిప్పు, పోర్చుగల్‌లో యూనివర్సిటీ ఫీజు, బ్రెజిల్‌లో లంచం! బస్సు "కొహేర్" (పట్టుకోవడం) మాడ్రిడ్‌లో మామూలే, బ్యూనస్ ఐరిస్‌లో బూతు. అక్కడ తొమార్ అనాలి.

పాలపిట్ట: అయితే స్పెయిన్‌లోనే ఉన్న గలీసియావాళ్ల సంగతేంటి?

నిఘంటువు: వాళ్ల భాషలో ఆక్టోపస్ పోల్బోనే, బ తోనే రాస్తారు. ఉడికించి కోసి, కొయ్య పళ్లెంలో ఆలివ్ నూనె, రాళ్ల ఉప్పు, మిరపపొడి చల్లి పెడతారు. దుమ్ము వాళ్లకూ 'పో'యే.

యతిభంగం: దెహరాన్ సంగతి తేలలేదండీ.