బుర్రకథలో వంత అంటే ‘తాన అంటే తందాన’ అనడమేనా?

ప్రశ్న:
మా ఊరి బుర్రకథ దళంలో ఈమధ్యే వంతగా చేరాను. మావయ్య కథకుడు. ఆయన పాడితే మేమిద్దరం ‘తందాన తాన’ అని అందుకుంటాం. కాలేజీలో ఫ్రెండ్స్ ‘మీ మావయ్య తాన అంటే నువ్వు తందాన అంటావన్నమాట’ అని ఏడిపిస్తున్నారు. మనసుకు గుచ్చుకుంది. ఎప్పటికీ ఒకరి వెనక పాడటమేనా? ఇందులో నాదంటూ ఏముంది? పెద్దలెవరైనా చెప్పండి.

జవాబు 1:
బాధపడకు తమ్ముడూ. కొన్నాళ్లకు నువ్వే కథకుడివవుతావు. అందాకా ఓపిక పట్టు.

జవాబు 2:
పై జవాబు నాకు నచ్చలేదు. కథకుడు అయ్యేదాకా కాలక్షేపం చేసే చోటు కాదు వంత. నేను ఇరవై రెండేళ్లు వంతగానే ఉన్నాను. ఎడమ పక్క నిలబడి లోకం సంగతులు మాట్లాడే ‘రాజకీయం’ వంత నాది. కుడి పక్క నవ్వించే ‘హాస్యం’ వంత. మధ్యలో కథకుడికి తంబురా, వేళ్లకు అందెలు. దరువు వేసే తోలు వాయిద్యాలు, డక్కీలు మాత్రం మన దగ్గరే ఉంటాయి బాబూ.

జనం మనసులో మెదిలే ప్రశ్న మన నోటినుంచి రావాలి. ఒకసారి పల్నాటి యుద్ధం చెబుతున్నాం. బాలచంద్రుడు మాంచాల దగ్గర సెలవు తీసుకునే ఘట్టం. మా గురువుగారు చరణం మర్చిపోయారు. ఆయన కళ్లు చూసి నాకు అర్థమైంది. దరువు పెంచి తందాన మూడుసార్లు తిప్పాను. హాస్యం వంత అందుకుని, ‘ఇంతకీ మాంచాల కన్నీళ్లు పెట్టుకుందా, కత్తి అందించిందా గురువుగారూ?’ అన్నాడు. కత్తి మాట వినగానే చరణం దొరికింది. జనానికి తేడా తెలియలేదు.

ఇంకో ఊళ్లో కథ మధ్యలో ప్రోగ్రాం పెట్టించినాయన్ని పొగడటం మొదలైంది. నేను డక్కీ ఆపేశాను. గురువుగారు నావైపు చూసి, పొగడ్త ఆపి కథలోకొచ్చారు. ఆ రాత్రి భోజనాల దగ్గర నా భుజం తట్టారు. ఆయన్ని నమ్మాను కాబట్టే ఆపగలిగాను. బుర్రకథలో పేరుమోసిన కథకుడు నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. అంతటాయన పక్కన కూడా వంతలు ఉండేవాళ్లు.

ప్రశ్న అడిగిన కుర్రాడు:
బాబాయ్, దండాలు. శనివారం మా ప్రోగ్రాం. మాది మట్టి డక్కీ, చలికి మోత రావట్లేదు.

జవాబు 2:
నిప్పుకు మరీ దగ్గరగా పెట్టకు, తోలు పగులుతుంది. సెగ తగిలేలా పట్టుకుని తిప్పుతూ ఉండు. వేలితో మీటితే ఖంగున పలకాలి. మీ మావయ్య తంబురా శ్రుతి చూసుకునేలోపే ఆ పని అయిపోవాలి.