సర్ హ్యూ రాబర్టన్ బృందాన్ని బి.బి.సి. ఎందుకు దూరం పెట్టింది?

ప్రశ్న (స్వరజిజ్ఞాసి):

గ్లాస్గో ఆర్ఫియస్ గాయక బృందం పాత రికార్డులను కొంతకాలంగా శ్రద్ధగా వింటున్నాను. వాద్యాల తోడు లేకుండా అంతమంది ఒక్కసారిగా పాడుతున్నా ప్రతి మాటా అంత స్పష్టంగా ఎలా వినిపిస్తుందన్నది నన్ను వదలని సందేహం. ఆ బృందాన్ని స్థాపించి నడిపిన హ్యూ రాబర్టన్ గురించి చదువుతుండగా, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బి.బి.సి. ఆయనకు రేడియోలో చోటు లేకుండా చేసిందని తెలిసింది. 1931లో సర్ బిరుదు అందుకున్న వ్యక్తికి పదేళ్లు తిరగకుండానే ఆ పరిస్థితి ఎందుకు వచ్చింది? ‘మారీస్ వెడ్డింగ్’ పాట ఆయనదేనని కొందరు, కాదని మరికొందరు అంటున్నారు, ఏది నిజం? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం (మంద్రస్థాయి):

మీ మొదటి సందేహానికి జవాబు ఆ బృందం పుట్టుకలోనే కొంత ఉంది. 1874లో గ్లాస్గోలో పుట్టిన రాబర్టన్, 1901లో అదే నగరంలోని టాయ్న్‌బీ హౌస్ గాయక బృందాన్ని చేపట్టారు. 1906లో అదే ఆర్ఫియస్ బృందమైంది. అందులో పాడినవారు పగలంతా తమ తమ పనులు చేసుకుని సాయంత్రం సాధనకు వచ్చే సామాన్యులే తప్ప సంగీతం వృత్తిగా ఉన్నవారు కారు. వారి నుంచి ఆయన రాబట్టిన నాదశుద్ధి, ఉచ్చారణ బ్రిటన్ అంతటా పేరు పొందాయి.

1911 నాటి ఆయన స్వీయరచన ‘ఆల్ ఇన్ ది ఏప్రిల్ ఈవెనింగ్’ను మరొకసారి వినండి. ఐరిష్ కవయిత్రి క్యాథరిన్ టైనన్ కవితకు కట్టిన బాణీ అది. ఏప్రిల్ సాయంత్రం దారిన పోతున్న గొర్రెలనూ, అలసిన వాటి పిల్లలనూ చూసి క్రీస్తును తలచుకోవడం ఆ కవిత సారాంశం. నాలుగు గొంతుకలూ చాలావరకు ఒకే అక్షరాన్ని ఒకే క్షణంలో పలుకుతూ సాగుతాయి కనుక ఎవరు ఒక హల్లును కాస్త ముందుగా ముగించినా వెంటనే తెలిసిపోతుంది. పెద్ద గొంతుతో పాడితే ఆ లోపాన్ని కొంత కప్పిపుచ్చుకోవచ్చు గాని, ఈ పాటను మెత్తగా పాడాలి. గొప్పతనం స్వరకల్పనలో కంటే ఆ నిగ్రహంలోనే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

సమాధానం (పాతరేడియో):

నిషేధం విషయానికి వస్తే, దానికి సంగీతంతో ఎటువంటి సంబంధమూ లేదు. రాబర్టన్ శాంతివాది, యుద్ధంలో పాల్గొనబోమని ప్రతిజ్ఞ చేసినవారి సంఘమైన పీస్ ప్లెడ్జ్ యూనియన్‌లో సభ్యుడు. బాంబుదాడులు జరుగుతున్న 1940 చివరిలో, అటువంటి అభిప్రాయాలను బహిరంగంగా ప్రకటించినవారికి ప్రసారాలలో చోటివ్వరాదని బి.బి.సి. నిర్ణయించడంతో, ఆయనతో పాటు బృందమంతా మూగబోవలసి వచ్చింది. ఒక సభ్యుడి అభిప్రాయం ఏదైనా కావచ్చు, శిక్ష మాత్రం అందరికీ పడింది.

నన్ను ఎక్కువగా కదిలించినది ఇంగ్లండ్ స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్ వైఖరి. ఆయన శాంతివాది కాదు, రాబర్టన్ అభిప్రాయాలతో ఆయనకు ఏకీభావమూ లేదు. అయినప్పటికీ, ఒక వ్యక్తి నమ్మకాలను బట్టి అతని సంగీతాన్ని అడ్డుకోవడం తప్పని భావించి, బి.బి.సి. తన చేత రాయించుకున్న రచనను నిరసనగా వెనక్కి తీసుకున్నారు. విషయం పార్లమెంటు దాకా వెళ్లింది. 1941 మార్చిలో ప్రధాని చర్చిల్ కామన్స్ సభలో మాట్లాడిన తరువాత సంగీతకారుల మీద ఆ ఆంక్ష తొలగిపోయింది. యుద్ధం తీవ్రంగా సాగుతున్న వేళ కొద్ది నెలలలోనే ఒక ప్రభుత్వం ఇలా సర్దుకోవడం చిన్న విషయమేమీ కాదు.

సమాధానం (గేయసంచిక):

‘మారీస్ వెడ్డింగ్’ గురించి ఇరుపక్షాలూ చెబుతున్నది కొంతవరకు నిజమే. మూలం స్కాట్లాండ్‌లోని గేలిక్ భాషలోనిది. జాన్ రోడరిక్ బ్యానర్‌మన్ దానిని ఐలే ద్వీపపు గాయని మేరీ మెక్‌నివెన్ కోసం రాశారు. ఈనాడు లోకమంతా పాడుకుంటున్న ఇంగ్లిష్ మాటలు మాత్రం రాబర్టన్‌వి. అది అనువాదం కంటే స్వేచ్ఛారచనకే దగ్గరగా ఉంటుంది. ‘వెస్టరింగ్ హోమ్’ మాటలూ ఆయనవే.

ఆయన రచయితగానే మిగిలి ఉంటే ఇంతటి స్థానం దక్కేది కాదేమో. బైబిల్‌లోని ఇరవై మూడవ కీర్తనకు ‘క్రిమండ్’ అనే బాణీ అంతగా వ్యాపించడంలో ఈ బృందం ప్రసారాల పాత్ర పెద్దది. 1947లో రాకుమారి ఎలిజబెత్ వివాహంలోనూ దానినే పాడారు.

ప్రశ్నించినవారు (స్వరజిజ్ఞాసి):

అందరికీ కృతజ్ఞతలు. రాబర్టన్ తరువాత ఆ బృందాన్ని ఎవరు నడిపారు?

సమాధానం (మంద్రస్థాయి):

ఎవరూ నడపలేదు. 1951లో ఆయన విరమించుకోగానే ఆర్ఫియస్ బృందాన్నీ రద్దు చేశారు. మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన గ్లాస్గోలోనే మరణించారు. అయితే పాడడం మానుకోలేని సభ్యులు కొందరు అదే 1951లో గ్లాస్గో ఫీనిక్స్ గాయక బృందాన్ని ప్రారంభించారు. ఆర్ఫియస్ రికార్డులు విన్న తరువాత ఫీనిక్స్ బృందం రికార్డులనూ వినండి.