ట్యాక్స్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రీకాల్ ఆపేస్తే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. చిత్తూరులో చిన్న ట్యాక్స్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. మామిడి మండీ వ్యాపారుల జీఎస్టీ, టీచర్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు మా పని. రోజంతా స్క్రీన్ మీద ఎవరిదో ఒకరి ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటుంది.

విండోస్ 10కి 2025 అక్టోబరులో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఏఐ ఫీచర్లతో వచ్చే కొత్త కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాప్ కొన్నాం. అందులో రీకాల్ ఉంది. కొన్ని సెకన్లకోసారి స్క్రీన్‌ను ఫోటో తీసి దాచిపెట్టే ఫీచర్ అది. దీని మీద ఆఫీసులో రోజూ వాదనే. "మనం ఆన్ చేస్తేనే అది పనిచేస్తుంది, డేటా ఎన్‌క్రిప్ట్ అయి మన మెషీన్‌లోనే ఉంటుంది, నీకెందుకన్నా టెన్షన్" అంటాడు మా తమ్ముడు. నిజమే, 2024లో ప్రైవసీ మీద అంత గొడవయ్యాక మైక్రోసాఫ్ట్ ఆ మార్పులు చేసింది. కానీ 2025లో సిగ్నల్ యాప్ వాళ్లు తమ చాట్లు రీకాల్‌కు దొరక్కుండా అడ్డు పెట్టారంటే ఊరికే పెట్టరు కదా. అకౌంట్స్ చూసే అమ్మాయి విండోస్ వదిలేసి లినక్స్‌కు మారదామంటోంది. మరి లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ విండోస్ కోసం చేసిందాయె!

సెట్టింగ్స్‌లో ఆపితే చాలా, లేక విండోస్ ఫీచర్స్‌లో టిక్ తీసి పూర్తిగా తొలగించాలా? పెద్ద అప్‌డేట్ తర్వాత ఎవరికైనా మళ్లీ వచ్చిందా? డిజిటల్ సంతకం టోకెన్‌ను (సంతకానికి గుచ్చే యూఎస్‌బీ) లినక్స్‌లో వాడుతున్నవాళ్లున్నారా?

నన్ను ఎక్కువ వేధిస్తున్నది ఇంకోటి. నేను పంపిన పాన్ కార్డును ఆడిటర్ గారు తన కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అక్కడ రీకాల్ ఆన్‌లో ఉంటే? నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పాల్సింది నేనే. ఇలాంటి ఆఫీసులు నడిపేవాళ్లు ఏం చేస్తున్నారో దయచేసి చెప్పండి.