ఇంటికి చిన్న జనరేటర్ కలపడం, దాని ఎర్తింగ్ గురించి సందేహం

ప్రశ్న – చంద్రగిరి గృహస్థు

కార్తీక మాసపు వానల్లో మా వైపు కరెంటు పోతే గంటల తరబడి రాదు కనుక 3 కె.వి.ఎ. పెట్రోల్ జనరేటర్ కొన్నాము. అమర్చడానికి వచ్చిన కుర్రవాడు రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరు ఒకటి చేసి ఇచ్చి, ఒక కొసను జనరేటర్‌కు, రెండో కొసను వంటగదిలోని 16 ఆంపియర్ల సాకెట్‌కు పెట్టి మెయిన్ దించేస్తే చాలునన్నాడు. ఎర్త్‌కు జనరేటర్ పక్కన ఒక కడ్డీ కొడితే సరిపోతుందట. మా పెరట్లో రెండడుగులు తవ్వితే బండ తగులుతుంది. బోర్డులో కరెంటు ఎర్త్‌కు లీకైతే సరఫరాను తెంచే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంది; జనరేటర్ నడుస్తుండగా దాని టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడింది. రక్షణ ఉన్నట్లేనా?

సమాధానం – సబ్‌స్టేషన్‌లో పనిచేసి విరమించినవాడు

అయ్యా, ముందు ఆ వైరును ముక్కలు చేసి పారవేయండి. జనరేటర్ నడుస్తుండగా సాకెట్ వైపు ప్లగ్గు ఊడి వస్తే, చేతికి తగిలే ఆ ఇత్తడి పిన్నుల్లోనే 230 వోల్టులు ఉంటాయి. మెయిన్ దించడం మరిచిన రోజున జరిగేది అంతకన్నా దారుణం: మీ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌ను వెనకవైపు నుంచి చేరి 11 కిలోవోల్టుల స్థాయికి పెరగవచ్చు, లైను ఆపించి పనికి అనుమతి (ఎల్.సి.) తీసుకొని తెగిన తీగను ముడివేస్తున్న లైన్‌మన్‌కు అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు. మీటరుకు, బోర్డుకు మధ్య ఇంటిని లైను నుంచి జనరేటర్‌కు మార్చే రెండు పోళ్ల చేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ కలిపి మార్చాలి, మధ్యలో ఆఫ్ స్థానం ఉండాలి.

ఒక్క మాట చెప్పండి. ఆర్.సి.సి.బి. పడినప్పుడు ఇంట్లో దీపాలు ఆరాయా?

చంద్రగిరి గృహస్థు

లేదండీ, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి. అది మంచిదే అనుకున్నాము.

సమాధానం – చిత్తూరు వైరింగ్ కాంట్రాక్టర్

దీపాలు ఆరలేదంటే, వంటగది సాకెట్ గుండా వచ్చిన కరెంటు ఆర్.సి.సి.బి.ని దాటి దాని అవతలి వైపునే ప్రవేశించిందని అర్థం. చేంజోవర్ పెట్టాక ఆ లోపం పోతుంది గాని ఇంకొకటి మిగులుతుంది. చాలా చిన్న జనరేటర్లలో వైండింగ్ (కరెంటు పుట్టే తీగచుట్ట) కొసలు రెండూ బాడీకి కలిసి ఉండవు. అటువంటి దాని మీద గ్రైండర్ బాడీకి ఫేజ్ తగిలినా, ఆ కరెంటు తిరిగి వైండింగ్‌కు చేరే దారి లేదు కనుక ఆర్.సి.సి.బి. కదలదు. టెస్ట్ బటన్ మాత్రం లోపలి రెసిస్టర్ ద్వారా ఫేజ్, న్యూట్రల్‌ల మధ్యే పనిచేస్తుంది. ఎర్త్ అసలు లేకున్నా పడుతుంది.

అందుచేత జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ను బాడీకి ఒక్కచోటే కలిపి, ఆ బాడీ నుంచి ఇంటి ఎర్త్ బార్‌కు రాగి తీగ లాగాలి. న్యూట్రల్‌ను మార్చని స్విచ్ వాడితే మాత్రం ఈ లింకు వేయకూడదు. వేస్తే న్యూట్రల్ కరెంటులో కొంత ఎర్త్ తీగలోకి మళ్లుతుంది.

విడిగా కొట్టే కడ్డీని నేను ఒప్పుకోను. కడ్డీ దగ్గర 20 ఓములు, ఇంటి ఎర్త్ పిట్ దగ్గర 20 ఓములు ఉన్నాయనుకుందాం. మన బండ నేలల్లో ఇంతకన్నా ఎక్కువే ఉండవచ్చు. న్యూట్రల్‌ను ఆ కడ్డీకే కలిపినా, ఫేజ్ బాడీకి తగిలినప్పుడు 230ని 40తో భాగిస్తే 6 ఆంపియర్లు కూడా పారవు. కరెంటు మితిమీరితేనే తెంచే 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది మామూలు లోడు. ఆర్.సి.సి.బి. పనిచేయకపోతే గ్రైండర్ మీద వంద వోల్టులకు పైగా అలాగే నిలిచి ఉంటుంది. రాగి తీగ ఉంటే ఆ కరెంటుకు మట్టితో పని లేదు. ఇంటి పిట్ సరిగా లేకపోతే దానినే బాగుచేయించండి: పైపు 2.5 మీటర్లు నిలువుగా దిగకపోతే ఏటవాలుగా దించవచ్చు, దూరదూరంగా రెండు పిట్లు వేసి కలపవచ్చు. గంగమ్మ జాతరలో అంగడికి జనరేటర్ సాకెట్ నుంచే నేరుగా నాలుగు దీపాలు వెలిగించుకొనేవారికి ఈ తతంగం సాధారణంగా అక్కర్లేదు. ఇంటి వైరింగ్‌కు కలిపినప్పుడే ఇదంతా.

సమాధానం – తిరుపతి జనరేటర్ మెకానిక్

లింకు వేసే ముందు కంపెనీ పుస్తకం చూడండి. ఇన్వర్టర్ రకం జనరేటర్లలో కొన్నింటికి అది పనికిరాదు. ఇంజన్ ఆపి, వైర్లన్నీ తీసి, సాకెట్‌లోని ఫేజ్, న్యూట్రల్ రంధ్రాలకూ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడాలి. ఏ ఒక్కదానికి మోగినా వైండింగ్ లోపల ఎక్కడో ముందే కలిపి ఉందని అర్థం కనుక, పైన ఇంకో లింకు వేయకుండా తెలిసినవారికి చూపించండి.

3 కె.వి.ఎ. అంటే సుమారు 13 ఆంపియర్లు. బోరు మోటారు స్టార్టింగ్‌లో మామూలుకు అయిదారు రెట్లు లాగుతుంది, దాని జోలికి పోకండి. వానకు తడుస్తుందని జనరేటర్‌ను వరండాలోనో మెట్ల కిందనో పెట్టేవారిని చాలామందిని చూశాను. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఆరు మీటర్లకు తగ్గకుండా దూరంలో, పొగగొట్టం కిటికీల వైపు తిరగకుండా, రేకు చూరు కింద నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టించండి. చేంజోవర్ స్విచ్ దాకా వేసే కేబుల్ పొడవును ఆ దూరాన్ని బట్టే కొనండి.