తల్లీతండ్రీ ఇద్దరూ పనికిపోయే ఇళ్లను జనగణనలో విడిగా చూపాలా?

చెనిక్కాయ చేను (అనంతపురం): 2027 జనగణన వస్తోంది. మన దగ్గర పనిని మనిషి లెక్కన రాస్తారు. ఏడాదిలో 183 రోజులు, ఆపైన చేస్తే ప్రధాన కార్మికులు, తగ్గితే ఉపాంత కార్మికులు, అసలు చేయకుంటే కార్మికేతరులు. అమెరికా జనగణన శాఖ మాత్రం ఇద్దరూ పనిచేసే ఇళ్లు, తండ్రే చేసేవి, తల్లే చేసేవి అని విడదీసి పట్టికలు ఇస్తుంది. మనమూ ఇస్తే పసిబిడ్డల కేంద్రం ఏ ఊళ్లో అవసరమో తెలుస్తుంది కదా?

మగ్గం గుంత: ఒకసారి ధర్మవరం రా అన్నా (సత్యసాయి జిల్లాలో కలిపినా మనకు అది అనంతపురమే). ఒకాయన మగ్గం గుంతలో కూర్చొని నేస్తాంటాడు. ఆయన భార్య పొద్దున్నుంచి దారం కండెలు చుడతాంటుంది, మధ్యలో లేచి బిడ్డకు అన్నం పెడతాది, మళ్లీ కండెలే. కూలి చీరకింతని ఆయన చేతికే వస్తుంది. ఎవరైనా లెక్కలు రాసుకోను వస్తే “మా ఆడోళ్లు ఇంట్లోనే ఉంటారు సార్” అంటాడు. అయిపాయ, ఒక్కరే పనిచేసే ఇల్లు అని పడుతుంది నీ పట్టికలో.

బడిపంతులు: నిర్వచనంలో తప్పు లేదు తమ్ముడూ. కూలి లేకుండా సొంత చేలోనో ఇంటి మగ్గం దగ్గరో చేసినా అది పనే. ఇంట్లో తాగే పాలకే బర్రెను సాకినా పనే. ఆడోళ్ల పని జారిపోతోందనే 1991లో ప్రశ్నలోనే “కూలి లేని పని కూడా” అని చేర్చారు. అయినా 2011లో దేశంలోని ఆడవాళ్లలో కార్మికులుగా తేలింది 25.5 శాతమే. అరుగు మీద మగాయన చెప్పింది రాసుకొని పక్కింటికి పోతే ఇంకేం తేలుతుంది? ఆమెనే పిలిచి అడగాల.

డల్లాస్ సీమోడు: అమెరికా లెక్కను అంత నెత్తిన పెట్టుకోవద్దప్పా. ఇక్కడ ‘ఇంటిపట్టున ఉండే తండ్రి’ అనిపించుకోవాలంటే 15 ఏళ్లలోపు బిడ్డ ఉండాల. ఆయన 52 వారాలూ ఉద్యోగం చేయకూడదు, వెతకకూడదు, కారణం ఇల్లు చూసుకోవడమే అని చెప్పాల. భార్య 52 వారాలూ ఉద్యోగంలోనో వెతుకులాటలోనో ఉండాల. వారానికి రెండ్రోజులు ఏదో చిన్న పని చేసుకుంటూ బిడ్డను సాకే తండ్రి లెక్కలోకే రాడు. పిల్లల సంరక్షణ సర్వే ఇంకా విడ్డూరం: తల్లి పనికిపోయినప్పుడు తండ్రి చూసుకుంటే దాన్ని అమ్మమ్మ, ఆయాల వరుసలో ఒక ‘ఏర్పాటు’గా రాస్తారు. కన్నతండ్రి ఆయా అయినాడు!

చెనిక్కాయ చేను: నవ్వొచ్చింది అన్నా. కానీ ఉపాధి పని సంగతి చూడండి. 2005 ఉపాధి హామీ చట్టం కింద 100 రోజులు నిండా చేసినా, అదొక్కటే అయితే 183కు చాలలేదు, ఆమె ‘ఉపాంత’మే అయింది. ఆ 100 రోజులూ బిడ్డ ఎక్కడ? పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే చూసుకోను ఒకామెను పెట్టాలని ఆ చట్టంలోనే రాసినారు. మా ఊళ్లో గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలే కనపడినాయి.

కళ్యాణదుర్గం కోడలు: అందరూ తల్లీతండ్రీ ఇంట్లోనే ఉన్నట్టు మాట్లాడతాండారు. మా వీధిలో కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడం పనికి పోయినారు, బిడ్డలు అవ్వ దగ్గర. లెక్కకొచ్చినాయనకు ఆ ఇంట్లో తల్లీ కనపడదు, తండ్రీ కనపడడు. అవ్వేమో ‘కార్మికేతర’. అందరికంటే పసిబిడ్డల కేంద్రం కావలసింది ఆ ఇంటికే. దాన్ని ఏ గడిలో వేస్తారు?

చెనిక్కాయ చేను: అక్కా, అవ్వ ఇంటికి నాలుగో గడి పెట్టాల్సిందే. దానికోసమని మిగతా మూడూ వద్దంటే మాత్రం ఒప్పుకోను.

మగ్గం గుంత: గడులు ఎన్నైనా గీసుకో. కండెలు చుట్టే ఆమె ఏ గడిలోనో ముందు అది చెప్పు.