ఘాట్‌లోనే ఆగిపోతున్న పాత వ్యాన్: పంపు మార్చాలా, ట్యాంకు దించాలా?

వంశధార_శ్రీకాకుళం
మాది 1999 మోడల్ డీజిల్ మినీ బస్సు. సీట్లు పీకించి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించుకుని నాలుగేళ్లుగా ఇంటిల్లిపాదీ తిరుగుతున్నాం. పోయిన నెల కోరాపుట్ బయల్దేరాం. విజయనగరం జిల్లా సాలూరు దాకా ఏ పేచీ లేదు. సుంకి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక మూడో మలుపులో దగ్గి ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మామూలే. రెండు కిలోమీటర్లు పోయాక మళ్లీ అదే దగ్గు. వెనక్కి దిగి ఒక షెడ్డులో చూపిస్తే ఇంజెక్షన్ పంపు (ఇంజన్‌లోకి డీజిల్ కొట్టేది) పోయిందన్నారు. దించి, క్యాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచేయడం) చేయించి 14,000 తీసుకున్నారు. రెండు రోజులు లాడ్జిలో ఉన్నాం. మూడో రోజు అదే మలుపు, అదే దగ్గు. మా అమ్మ రోడ్డు పక్కన పులిహోర డబ్బా మూత తీసి, "డీజిల్ వాసనరా" అని మళ్లీ మూసేసింది. ఇప్పుడు ఇక్కడ ఇంకో మెకానిక్ పంపే కొత్తది వేయాలంటున్నాడు. వేయించమంటారా?

బొబ్బిలి_వీణ
సాలూరు విజయనగరం జిల్లా కాదండీ. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం.

డీజిల్_బాబాయ్
పంపే. 2020 ఏప్రిల్ 1 నుంచి వస్తున్నది బీఎస్6 డీజిల్. సల్ఫర్ 50 పీపీఎం నుంచి 10కి దించేశారు. ఆ రోజుల పంపులు, వాటిలో రబ్బరు సీళ్లు ఈ డీజిల్ కోసం చేసినవి కావు. ట్యాంకు నింపినప్పుడల్లా కొంచెం టూ స్ట్రోక్ ఆయిల్ పోయండి.

నాగావళి_గట్టు
బాబాయ్, సల్ఫర్ తీస్తే డీజిల్‌లో జారుడు తగ్గి పంపు అరిగేది నిజమే. అందుకే రిఫైనరీలోనే అడిటివ్ కలిపి పంపుతున్నారు. అయినా పోయిన పంపు ఇరవై నిమిషాలు కునుకు తీస్తే బాగవుతుందా? వంశధార గారూ, ఆగినప్పుడు ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది? మూత తిప్పితే "స్స్" మని గాలి పీల్చిందా? పీల్చితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. లేదంటే అడుగున చెత్త లేచి డీజిల్ పీల్చే చోట ఉండే జాలీకి పట్టుకుంటోంది, బండి ఆగితే మళ్లీ కిందికి దిగుతోంది.

డీజిల్_బాబాయ్
కునుకే తీస్తుంది బాబూ. అరిగిన పంపు వేడెక్కితే లోపల డీజిల్ పల్చబడి ప్రెషర్ పడిపోతుంది. చల్లారితే మళ్లీ పడుతుంది. వీడియోలు చూసి చెప్పే మాట కాదిది.

నాగావళి_గట్టు
నిన్న క్యాలిబ్రేషన్ చేసిన పంపు ఇవాళ అరిగిపోయిందా?

వంశధార_శ్రీకాకుళం
పావు ట్యాంకు ఉంది. మూత తీసి చూడలేదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంది: హ్యాండ్ పంపు కొట్టి గాలి తీసే బ్లీడింగ్ స్క్రూ వదులు చేస్తే ముందు నురగ వచ్చింది, సబ్బు నీళ్లలా. కింద ఎక్కడా చుక్క కారలేదు.

నాగావళి_గట్టు
అదీ! ఎయిర్ పడుతోంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ని లాగే చిన్న పంపు) దాకా పైపులో ఉండేది పీల్పు. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చెమ్మ కోసం వెతికితే ఏడాదైనా దొరకదు. పది లీటర్ల క్యాన్ కట్టి, పీల్చే పైపూ, మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపూ రెండూ అందులోనే పెట్టండి. రిటర్న్ మర్చిపోతే కాసేపటికే క్యాన్ ఖాళీ. క్యాన్ మీద ఘాట్ ఎక్కిందంటే తప్పు ట్యాంకు వైపు, పంపుది కాదు.

రాజాం_రైడర్
గ్యాస్ పొయ్యి ఉన్న బండిలో డీజిల్ క్యానా? అమ్మగారిని ఇంట్లో దించి చేయండి సామీ.

సాలూరు_క్లీనర్
ఏటిది, మా ఊరి మెకానిక్ మోసగాడని తేల్చేశారా? లారీల మీద బతికే ఊరు మాది. ఆ ఘాట్ ఎక్కే లారీలన్నీ ఎవరు బాగు చేస్తున్నారు?

వంశధార_శ్రీకాకుళం
ఊరిని ఏమీ అనలేదు. కానీ నా 14,000 పోయిన మాట నిజం. ఫిల్టర్ గిన్నె కూడా విప్పకుండా నేరుగా పంపు మీద పడ్డారు. దాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

నాగావళి_గట్టు
దోపిడీ అనాలి. బాబాయ్ లాంటి వాళ్లు వెనకేసుకు రాబట్టే ఇలా ఉంది.

డీజిల్_బాబాయ్
ఇంక చెప్పక తప్పదు. ముప్పై ఏళ్లు పంపు బెంచీ దగ్గర పని చేశాను. ఒకసారి టెక్కలి దగ్గర ఒకాయన కారు కింద గంటన్నర పడుకున్నాను. వీపు కింద కంకర, ముఖం మీద డీజిల్. చివరికి డీజిల్ పైపు బిగించే బాంజో బోల్టు దగ్గర రాగి వాచర్ నొక్కుకుపోయిందని పట్టుకున్నాను. మార్చి 500 అడిగాను. "ఇరవై రూపాయల వాచర్‌కి 500ఆ?" అని 100 నోటు బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అదే మనిషి మరో షెడ్డులో పంపు దింపించుకుని 12,000 కిమ్మనకుండా ఇచ్చాడు. మీరు సామానుకి డబ్బులిస్తారు, పంపు దించితే ఇస్తారు. చూసినందుకు ఎవడిస్తాడు? అందరూ పంపే దించుతారు. నేనూ దించాను.

నాగావళి_గట్టు
అంటే అవసరం లేకపోయినా దించారా?

డీజిల్_బాబాయ్
అవసరమో కాదో తేల్చడానికే కదా డబ్బులివ్వనన్నారు.

సాలూరు_క్లీనర్
బాబాయ్‌కి దండం.

నాగావళి_గట్టు
దండం మీరు పెట్టండి. ఘాట్‌లో పిల్లలతో ఆగిపోయిన వాళ్ల సంగతేంటి? గిట్టకపోతే ముందే "చూడటానికి 500" అని బోర్డు పెట్టండి. పంపు దించి కసి తీర్చుకోవడమేంటి?

డీజిల్_బాబాయ్
పెట్టాను. ఆర్నెల్లు ఈగలు తోలుకున్నాను.

వంశధార_శ్రీకాకుళం
ఆదివారం నేనూ మా బావమరిదీ వెళ్లొచ్చాం. క్యాన్‌ని బయట ఫుట్‌బోర్డుకి తాళ్లతో బిగించి, పైపులు రెండూ అందులో పెట్టాం. సుంకి దాకా ఒక్క దగ్గు లేదు. తిరిగొచ్చాక నరసన్నపేటలో ట్యాంకు దింపించాను. జాలీకి ముద్ద పసుపు పట్టించినట్టు తుప్పు రజను. అడుగున గ్లాసెడు నీళ్లు. ట్యాంకు మీద రబ్బరు పైపుని వంచితే క్లిప్పు పక్కనే వెంట్రుకవాసి చీలిక, వదిలేస్తే కనపడదు. ట్యాంకు కడిగి, పైపూ ఫిల్టరూ మార్చాడు. సామాను కాక పనికి 1,500 అన్నాడు, బేరమాడి 1,200 ఇచ్చాను.

డీజిల్_బాబాయ్
పంపు క్యాలిబ్రేషన్ అయింది కాబట్టే క్యాన్ మీద ఎక్కింది. అది అలా ఉంచు. ఆ 1,200లో చూసినందుకెంత, దించినందుకెంత?

వంశధార_శ్రీకాకుళం
అడగలేదు బాబాయ్.

బొబ్బిలి_వీణ
నరసన్నపేట ఇప్పటికీ శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. అది మారలేదు.