చర్చ: ఇంగ్లండ్ చర్చి గంటల్లో రాగం ఎందుకు ఉండదు?

నార్విచ్ కోడలు:
మా ఇంటికి దగ్గర్లో సెయింట్ పీటర్ మాన్‌క్రాఫ్ట్ చర్చి ఉంది. వారంలో ఒక సాయంత్రం దాని గంటలు ఆపకుండా మోగుతూనే ఉంటాయి. ఆ రోజు పెళ్లి ఉండదు, పండగ ఉండదు. పోనీ ఏదైనా పాటా అంటే అదీ కాదు. మా ఊళ్లో ఆదివారం మొదటి గంట, రెండో గంట, ఎవరైనా పోతే ఆగి ఆగి కొట్టే గంట, అంతే తెలుసు. ఇదేమిటో ఎవరైనా చెప్తారా?

లెక్కల మాస్టారు:
అది ప్రాక్టీసు అండీ. ఏడు గంటలుంటే వాటిని 5040 వరసల్లో మోగించొచ్చు. ఏ వరసా రెండోసారి రాకూడదు. ఒక వరస నుంచి ఇంకో వరసకి వెళ్లేటప్పుడు ఏ గంటైనా ఒక్క స్థానమే జరగాలి. మొత్తం పూర్తి చేస్తే దాన్ని పీల్ అంటారు. మొట్టమొదటి అసలైన పీల్ మీ చర్చిలోనే జరిగింది! 1715 మే 2న, 3 గంటల 18 నిమిషాల్లో ముగించారు. అంటే నిమిషానికి పాతిక వరసలు. చేతిలో కాగితం ఉండదు, అంతా కంఠతా. ఈ పద్ధతుల మీద ఫేబియన్ స్టెడ్‌మన్ 1677లోనే పుస్తకం రాశాడు. ఎనిమిది గంటలైతే 40,320 వరసలు. 1963లో గంటలు పోతపోసే ఊరు లాఫ్‌బరోలో ఒకే జట్టు, మనుషులు మారకుండా, దాదాపు 18 గంటల పాటు అది కూడా మోగించింది. నాకైతే ఇది సంగీతం కంటే పర్మ్యుటేషన్ల పాఠంలాగే ఉంటుంది.

తాడు పట్టినవాణ్ణి:
మాస్టారు లెక్క చెప్పారు కానీ అసలు కారణం యంత్రంలో ఉంది. మన ఊళ్లలో గంట వేలాడుతూ ఊగుతుంది. ఇక్కడ దాన్ని పెద్ద చక్రానికి బిగించి, నోరు పైకి ఉండేలా నిలబెడతారు. తాడు లాగితే పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్లీ నోరు పైకి వచ్చి నిలుస్తుంది. ఈలోగా మోగేది ఒక్కసారే. మళ్లీ లాగితే వెనక్కి ఇంకో చుట్టు. మాన్‌క్రాఫ్ట్‌లో అన్నిటికంటే పెద్ద గంట టన్నున్నర పైమాటే. అంత బరువుని కాస్త తొందరపెట్టగలం, కాస్త ఆపగలం, అంతకు మించి మన మాట వినదు. కావాల్సినప్పుడు కావాల్సిన గంట మోగదు కాబట్టి పాట కుదరదు. ఒక్క స్థానం జరపడం మాత్రం కుదురుతుంది. ఆ నియమం అక్కడి నుంచే వచ్చింది.

తాడు మీద చేయి పట్టే చోట ఉన్ని కుచ్చు ఉంటుంది. దాన్ని శాలీ అంటారు. మరీ గట్టిగా లాగితే గంటను ఆపే కర్ర విరిగిపోతుంది. కొత్తవాళ్లకి టెన్షన్ అంతా దాని గురించే.

గుంటూరు విచారణ:
మా కతోలిక విచారణలో, అంటే పారిష్‌లో, గంట అంటే కబురు. త్రికాల జపానికి మూడు పూటలా కొడతారు. పవిత్ర గురువారం పూజలో మహిమ గీతం దగ్గర మోగి ఆగితే, మళ్లీ ఈస్టర్ ముందు రాత్రి పాస్కా జాగరణలోనే. మధ్యలో చెక్క గిలకే. మరి అక్కడ ఎవరైనా పోతే ఎలా తెలుస్తుంది?

తాడు పట్టినవాణ్ణి:
గంట నాలుకకి ఒక వైపు తోలు తొడుగు కడతారు. ఒక దెబ్బ గట్టిగా, తర్వాతిది దూరం నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. నవంబరులో యుద్ధ మృతుల ఆదివారం వినండి. కబురు సంగతంటే, రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 జూన్‌లో ప్రభుత్వం దేశమంతా చర్చి గంటలు ఆపించింది. శత్రువు దిగితేనే మోగించాలని ఆదేశం. 1942 నవంబరులో ఈజిప్టులోని ఎల్ అలమీన్ యుద్ధంలో విజయానికి ఒక రోజు మోగించనిచ్చి, 1943లో నిషేధం ఎత్తేశారు.

పుణె తెలుగోడు:
ఇలా చక్రం మీద తిరిగే గంటలు మన దేశంలోనూ ఉన్నాయి. పుణెలో పంచ్ హౌద్ చర్చి గోపురంలో ఎనిమిది. లాఫ్‌బరో నుంచి వచ్చినవే. అన్నట్టు, మాన్‌క్రాఫ్ట్ పన్నెండు గంటలు 1775లో పోతపోసిన వైట్‌చాపెల్ కార్ఖానా, బిగ్ బెన్ చేసినదీ అదే, 2017లో మూతపడింది. ఆ వార్త చదివి చాలా బాధేసింది.

నార్విచ్ కోడలు:
అందరికీ థాంక్స్. మేం క్రైస్తవులం కాదు, నేను పొట్టిదాన్ని కూడా. నేర్పుతారా?

తాడు పట్టినవాణ్ణి:
చాలాచోట్ల మతం అడగరండీ, జట్లకి మనుషులు దొరకడమే కష్టంగా ఉంది. ఆడవాళ్ల సంగతంటారా, 1896లోనే ఆలిస్ వైట్ అనే ఆవిడ పూర్తి పీల్ మోగించారు. ప్రాక్టీసు రోజు వెళ్లి అడగండి. ఎత్తు చాలకపోతే కాళ్ల కింద పెట్టె వేస్తారు.